తుఫాను రోజున అందరిదీ ఒకే ప్రశ్న: పైథాన్‌లో అసింక్ ఇన్-మెమరీ కాష్ కట్టుకునే పద్ధతి

విశాఖ తీరంలో వేటకు వెళ్లేవాళ్ల కోసం ఒక చిన్న వెబ్ సర్వీసు రాస్తున్నాం అనుకుందాం. భీమిలి, మంగమారిపేట, ఫిషింగ్ హార్బర్, యారాడ, అప్పికొండ... రేవు పేరు కొడితే అలల ఎత్తు, గాలి వేగం, ఆటుపోట్ల వేళలు, హెచ్చరికలు రావాలి. ఆ సమాచారమేదీ మన దగ్గర ఉండదు. బయటి సర్వర్‌ని అడిగి తేవాలి, దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. పైగా నిమిషానికి ఇన్నిసార్లే అడగాలని వాళ్లు హద్దు పెడతారు.

మామూలు రోజుల్లో తెల్లవారుజామున కొద్దిమంది చూస్తారు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా దాదాపు ఎవరూ తొంగిచూడరు. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో స్క్రోలింగ్ మొదలైందంటే మాత్రం ఊరంతా చూస్తుంది, అదీ ఒకే నిమిషంలో, ఒకే పేజీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు ఇది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఒకసారి తెచ్చిన జవాబుని మన సర్వర్ మెమరీలోనే కొద్దిసేపు దాచుకుని, తర్వాత అడిగినవాళ్లకి దాన్నే ఇస్తాం. ఆ దాపునే కాష్ అంటారు. మన కాష్ ఆ నిమిషాన్ని తట్టుకోవాలి.

ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పైథాన్ తెలిసినవాళ్లకు ఏది టైప్ చేయాలో చదవగానే తెలిసిపోతుంది. మీ దగ్గర 3.11 గానీ ఆ పైది గానీ ఉంటే చాలు.

1. ముందు ఒక్క నియమం మనసులో పెట్టుకోండి

అసింక్‌ఐఓ (ఒక పని జవాబు కోసం ఆగినప్పుడు ఇంకో పని చూసుకునే పైథాన్ లైబ్రరీ) మొత్తం ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది. ఒక కోరూటీన్ (మధ్యలో ఆగి మళ్లీ సాగగల పని) అవెయిట్ (‘జవాబు వచ్చేదాకా ఆగు’ అనే మాట) దగ్గర నిజంగా ఆగాల్సి వచ్చినప్పుడే, వంతులు పంచే ఈవెంట్ లూప్ ఇంకొకరికి వంతు ఇస్తుంది. అవెయిట్ లేని నాలుగు వరుసల మధ్యలోకి ఎవరూ చొరబడరు. అందువల్ల థ్రెడ్ల ప్రోగ్రాముల్లో వేసినన్ని తాళాలు ఇక్కడ వేయక్కర్లేదు. కానీ ‘కాష్‌లో ఉందా’ అని చూసిన వరుసకీ ‘కాష్‌లో పెట్టు’ అన్న వరుసకీ మధ్య ఒక్క అవెయిట్ ఉన్నా, ఆ సందులో వందమంది దూరిపోతారు. ఇకపై వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ సందే.

2. ఎల్‌ఆర్‌యూ కాష్ తగిలిస్తే పని జరగదు

చాలామంది మొదట చేసేది ఇదే: ఫంక్‌టూల్స్‌లోని ఎల్‌ఆర్‌యూ కాష్ డెకరేటర్‌ని తెచ్చి అసింక్ ఫంక్షన్ నెత్తిన పెట్టడం. డెకరేటర్ అంటే ఫంక్షన్‌కి వేసే పై తొడుగు. పైథాన్ 3.2 నుంచీ ఉన్న మంచి పనిముట్టు అది, విడిగా చెప్పకపోతే 128 జవాబులు దాచుతుంది, చోటు నిండితే అన్నిటికన్నా ఎక్కువకాలంగా వాడనిదాన్ని తీసేస్తుంది (ఎల్‌ఆర్‌యూ అంటే అదే). కానీ అసింక్ ఫంక్షన్‌ని పిలిస్తే వెంటనే వచ్చేది జవాబు కాదు, కోరూటీన్ వస్తువు. డెకరేటర్ దాచేది దాన్నే. మొదటివాడు అవెయిట్ చేస్తే జవాబు వస్తుంది. రెండోవాడికి అదే కోరూటీన్ దొరుకుతుంది. ఒకసారి అవెయిట్ అయిపోయిన కోరూటీన్‌ని మళ్లీ వాడలేం కాబట్టి రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. మీరు ఒక్కరే బ్రౌజర్‌లో పరీక్షిస్తే మొదటిసారి అంతా బాగానే కనిపిస్తుంది, అదే దీనితో ఇబ్బంది.

కాష్‌టూల్స్ లైబ్రరీలోని మామూలు కాష్డ్ డెకరేటర్‌ని అసింక్ ఫంక్షన్‌కి తగిలించినా ఇదే కథ. అందులోని టీటీఎల్ కాష్ అనే, గడువు తీరినవాటిని తానే వదిలేసే డిక్షనరీని మాత్రం నిల్వ పెట్టెగా వాడుకోవచ్చు.

3. కీని శుభ్రం చేయడం

కీ అంటే కాష్‌లో ఏ జవాబు కావాలో గుర్తుపట్టే పేరు. దాన్ని శుభ్రం చేయడాన్ని చాలా గైడ్లు ఒక వాక్యంతో దాటేస్తాయి. తెలుగులో టైప్ చేసేవాళ్లు వాడే సర్వీసుకి అలా కుదరదు.

‘వైజాగ్’ అనే మాటే తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, పైథాన్ డిక్షనరీకి మాత్రం రెండు వేర్వేరు కీలు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌ని ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో పిలిస్తే రెండూ ఒకటైపోతాయి. ఇంకోటి, ‘ఫిషింగ్‌హార్బర్’ అని కలిపి రాసేటప్పుడు గకార పొల్లు తర్వాత కీబోర్డు కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని పెట్టవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీయదు. మనమే రీప్లేస్‌తో తీసేయాలి. తర్వాత అటూ ఇటూ ఉన్న ఖాళీలు కొట్టేసి, మారుపేర్ల పట్టికలో చూడాలి. భీమిలి, భీమునిపట్నం, భీమ్లీ మూడూ ఒకే రేవు కదా. కాబట్టి కీగా పేరు కాకుండా రేవు సంఖ్య వాడండి.

జవాబు వేటివేటి మీద ఆధారపడుతుందో అవన్నీ కీలో ఉండాలి. రేవు, తేదీ, ఏ రకం సమాచారం అనే మూడూ కలిపి ఒక టపుల్ చేయండి. వాడేవాడి లాగిన్‌ని బట్టి జవాబు మారేట్టయితే అతని గుర్తింపు కూడా కీలోకి రావాలి. అది మరిచిపోతే ఒకరి సమాచారం ఇంకొకరికి చూపిస్తాం, ఇది నెమ్మదితనం కన్నా చాలా పెద్ద తప్పు.

4. నిల్వ, గడియారం

నిల్వ అంటే డిక్షనరీ. ప్రతి కీకి విలువ, గడువు ముగిసే సమయం అని రెండు ఉంటాయి. సమయం చూడడానికి టైమ్.టైమ్ వాడకండి. సర్వర్ గడియారాన్ని ఎవరైనా సరిచేస్తే అది వెనక్కీ ముందుకీ గెంతుతుంది. ఎప్పుడూ వెనక్కి వెళ్లని టైమ్.మోనోటోనిక్ వాడండి. ఆ ఫంక్షన్‌ని కాష్ క్లాసుకి బయటి నుంచి ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి. పరీక్షలు రాసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంకొకటి: ‘కాష్‌లో లేదు’ అనడానికి నన్ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ) వాడితే, నిజంగానే జవాబు నన్ అయిన రోజున కాష్ పనిచేయదు. ‘లేదు’ కోసం ఒక ఖాళీ ఆబ్జెక్ట్ చేసుకుని, ఈజ్‌తో పోల్చండి.

5. దాచాల్సింది జవాబునే కాదు, దారిలో ఉన్న పనిని కూడా

ఇప్పటిదాకా కట్టింది మామూలు కాష్. హార్బర్ సమాచారం గడువు తీరిన క్షణంలో మూడొందల మంది అడిగారనుకోండి. మొదటివాడు చూస్తాడు, లేదు, బయటి సర్వర్‌ని అడిగి అవెయిట్ చేస్తాడు. ఆ రెండు సెకన్లలో మిగతా అందరూ చూస్తారు, వాళ్లకీ లేదు. మూడొందల రిక్వెస్టులూ బయటికి పోతాయి. కాష్ ఉండి కూడా అక్కరకు రాలేదు. దీన్నే కాష్ స్టాంపీడ్ అంటారు.

జగదాంబలో కొత్త సినిమాకి వెళ్లినప్పుడు గ్యాంగు మొత్తం కౌంటర్ లైన్లో నిలబడదు. ఒకడు నిలబడతాడు, మిగతావాళ్లు వాడొచ్చేదాకా ఆగుతారు. మన కాష్‌కి కావలసింది ఆ తెలివే.

దీనికి లాక్ పెడదాం అనిపిస్తుంది. కాష్ మొత్తానికి ఒకే లాక్ అయితే భీమిలి సమాచారం వచ్చేదాకా యారాడ వాళ్లు కూడా ఆగాలి, అది కుదరదు. కీకి ఒక లాక్ పెడితే పనవుతుంది, లాక్ అందాక నిల్వని మళ్లీ చూస్తే చాలు. కానీ బయటి సర్వర్ పడిపోయినప్పుడు దీని గుణం బయటపడుతుంది. మొదటివాడు పది సెకన్లు ఆగి విఫలమవుతాడు, రెండోవాడు లాక్ అందుకుని మరో పది సెకన్లు ఆగుతాడు, మూడోవాడు మరో పది. లైన్ చివర ఉన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే నా ఓటు టాస్క్‌ని పంచుకునే పద్ధతికి. టాస్క్ అంటే నడపమని ఈవెంట్ లూప్‌కి అప్పగించిన కోరూటీన్. కోరూటీన్‌ని ఒక్కసారే అవెయిట్ చేయగలం, టాస్క్‌ని మాత్రం ఎంతమందైనా అవెయిట్ చేయవచ్చు. విజయమైతే అందరికీ ఒకే జవాబు, విఫలమైతే అందరికీ ఒకేసారి ఒకే తప్పు. నిల్వ పక్కన ‘దారిలో’ అనే రెండో డిక్షనరీ పెట్టుకుందాం (లోడర్ అంటే బయటి సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చే మన ఫంక్షన్):

తీసుకురా(కీ):
  నిల్వలో కీ ఉండి, గడువు దాటకపోతే ఆ విలువ ఇచ్చేయ్
  టాస్క్ = దారిలో.గెట్(కీ)
  టాస్క్ లేకపోతే:
    టాస్క్ = అసింక్‌ఐఓ.క్రియేట్_టాస్క్(లోడర్(కీ))
    దారిలో[కీ] = టాస్క్
    టాస్క్.యాడ్_డన్_కాల్‌బ్యాక్(ఈ కీకి ముగింపు)
  అవెయిట్ అసింక్‌ఐఓ.షీల్డ్(టాస్క్) చేసి వచ్చింది ఇచ్చేయ్

ముగింపు(కీ, టాస్క్):
  దారిలో[కీ] దగ్గర ఉన్నది ఈ టాస్కే కాకపోతే ఏమీ ముట్టుకోకుండా వెళ్లిపో
  దారిలో నుంచి కీ తీసెయ్
  టాస్క్ రద్దయి ఉంటే వెళ్లిపో
  టాస్క్.ఎక్సెప్షన్ ఏదైనా ఇస్తే లాగ్‌లో రాసి వెళ్లిపో
  నిల్వ[కీ] = టాస్క్.రిజల్ట్, గడువు

తీసుకురాలో ఆఖరి వరుసలో తప్ప పైన ఎక్కడా అవెయిట్ లేదని చూడండి. చూడడం, టాస్క్ పుట్టించడం, దారిలో పెట్టడం ఒకే ఊపులో జరిగిపోతాయి. మధ్యలో ఎవరికీ సందు దొరకదు, అందుకే లాక్ లేదు. రేపు ఎవరైనా ఆ మధ్యలో ‘ఒక్క చిన్న’ అసింక్ లాగింగ్ వరుస చేరిస్తే ఈ హామీ పోతుంది. అక్కడ ఒక కామెంట్ రాసి పెట్టండి.

ముగింపుని కాల్‌బ్యాక్‌గా, అంటే టాస్క్ పూర్తయ్యాక లూప్ తానే పిలిచే ఫంక్షన్‌గా, పెట్టడానికి కారణం ఉంది. కాల్‌బ్యాకులు చేర్చిన వరుసలోనే నడుస్తాయి. మనది మొదట చేరింది కాబట్టి ఎదురుచూస్తున్నవాళ్లు మేలుకునే సరికి నిల్వలో విలువ పడి ఉంటుంది. లోడర్ లోపలే ‘చివర్లో దారిలో నుంచి తీసెయ్’ అని రాయవచ్చు గానీ, 3.12లో వచ్చిన, టాస్క్‌ని పుట్టగానే నడిపించే ఈగర్ టాస్క్ ఫ్యాక్టరీని వాడే ప్రాజెక్టులో లోడర్ ఎక్కడా ఆగకపోతే టాస్క్ చేతికొచ్చేలోపే పూర్తయిపోవచ్చు. అప్పుడు తీసేయడం ముందు, పెట్టడం తర్వాత జరిగి, ఆ కీ దారిలోనే ఇరుక్కుంటుంది.

‘దారిలో’ డిక్షనరీ ఇంకో పని కూడా చేస్తోంది. ఈవెంట్ లూప్ టాస్కులను గట్టిగా పట్టుకోదు, బలహీన రిఫరెన్సు మాత్రమే ఉంచుకుంటుంది. ఎవరూ పట్టుకోని టాస్క్‌ని చెత్త ఏరివేత మధ్యలోనే మింగేయవచ్చు. మన డిక్షనరీ దాన్ని పట్టుకుని ఉంటుంది.

6. మొదట అడిగినవాడు ఫోన్ జేబులో పెట్టేస్తే

పై కోడ్‌లో షీల్డ్ ఎందుకు? మొదట అడిగినవాడు పేజీ మూసేశాడు. కొన్ని వెబ్ ఫ్రేమ్‌వర్కులు వెంటనే ఆ హ్యాండ్లర్‌ని రద్దు చేస్తాయి. ఒక టాస్క్ ఇంకో టాస్క్‌ని నేరుగా అవెయిట్ చేస్తూ రద్దయితే, ఆ రద్దు లోపలి టాస్క్‌లోకి కూడా పాకుతుంది. అప్పుడు పంచుకున్న టాస్క్ చచ్చి, దాని కోసం ఆగిన మిగతా 299 మందికీ క్యాన్సిల్డ్ ఎర్రర్ వస్తుంది. ఆ తప్పు 3.8 నుంచి బేస్ ఎక్సెప్షన్ కింద ఉంది కాబట్టి, మామూలు ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’కి చిక్కదు కూడా. షీల్డ్ ఉంటే ఆ రద్దు పేజీ మూసినవాడి దగ్గరే ఆగిపోతుంది, లోడర్ తన పని తాను పూర్తి చేస్తుంది.

అయితే లోడర్ ఎవరి రద్దుకీ లొంగకపోతే ఎప్పటికీ ఆగకుండా నడవగలదు. అందుకే టైమౌట్ లోడర్ లోపలే పెట్టాలి. 3.11లో వచ్చిన అసింక్‌ఐఓ.టైమౌట్‌తో ఐదు సెకన్లో, పదో కట్టేయండి. ఎదురుచూసేవాళ్ల ఓపిక వేరు. వాళ్లకి కావాలంటే బయట ఇంకో టైమౌట్ పెట్టుకుంటారు.

కొత్త టాస్క్ పుట్టినప్పుడు కాంటెక్స్ట్ వేరియబుల్స్ (రిక్వెస్ట్ నంబర్ లాంటివి దాచుకునే చోటు) మొదట అడిగినవాడివే కాపీ అవుతాయి. లోడర్ రాసే లాగుల్లో ఒకే రిక్వెస్ట్ నంబర్ కనిపిస్తే కంగారుపడకండి.

7. గడువు ఎంత పెట్టాలి

ఇది కోడ్ చెప్పే సంగతి కాదు, సముద్రం చెప్పే సంగతి. అన్నిటికీ ఒకే ‘ఐదు నిమిషాలు’ పెట్టిన కాష్‌ని చూస్తే, రాసినవాళ్లు దీని గురించి ఆలోచించలేదని తెలిసిపోతుంది.

ఆటుపోట్ల పట్టిక ముందే లెక్కకట్టి ఉంచేది. విశాఖలో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, పట్టికలో ఒకసారి వేసిన లెక్క పూటపూటకీ మారదు. రోజంతా దాచినా నష్టం లేదు. అలల ఎత్తు, గాలి అంచనాలు కొన్ని గంటలకోసారి కొత్తవి వస్తాయి, పది పదిహేను నిమిషాలు దాచవచ్చు. హెచ్చరికల దగ్గర చేయి వెనక్కి తీసుకోవాలి. తుఫాను ఉన్నప్పుడు వాతావరణ శాఖ బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి, తీరం దాటే వేళకి గంటగంటకీ వస్తాయి. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక పదో నంబరుగా మారిన తర్వాత కూడా మన పేజీ మూడు అని చూపిస్తుంటే, ఆ పేజీ లేకపోవడమే మేలు.

అయినా హెచ్చరికలకి కాష్ వద్దు అనను, ఎందుకంటే జనం విరుచుకుపడేది ఆ పేజీ మీదే. ఇరవై, ముప్పై సెకన్ల గడువు పెట్టండి. ఐదో మెట్టులో కట్టిన పంపకం ఉంది కాబట్టి, ఊరంతా చూస్తున్నా ఒక్కో రేవుకి బయటికి వెళ్లేది ముప్పై సెకన్లకు ఒక్క రిక్వెస్టే. అసలు గడువు సున్నా పెట్టినా ఈ పంపకం ఒక్కటే చాలా భారం దించుతుంది.

గడువు తీరిన విలువని పారేయాలా, కొత్తది వచ్చేదాకా పాతది చూపిస్తూ వెనకాల తెచ్చుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండు గడువులు పెట్టుకుంటే సరిపోతుంది. మెత్తని గడువు దాటితే పాత విలువ ఇచ్చేసి, వెనకాల టాస్క్ మొదలుపెట్టాలి. గట్టి గడువు దాటితే ఆగాల్సిందే. అలల అంచనాకి ఇది బాగుంటుంది. హెచ్చరికలకి మెత్తని గడువు వద్దు, బయటి సర్వర్ పలకకపోతే ‘సమాచారం అందలేదు’ అని రాయండి. ఏ విలువైనా సరే దానితోపాటు బులెటిన్ సమయాన్ని కూడా దాచి, ‘ఉదయం 8:30 బులెటిన్’ అని పేజీలో చూపించండి. మోనోటోనిక్ గడియారం దీనికి పనికిరాదు, అసలు గడియారం సమయమే కావాలి.

సర్వర్‌ని తిరిగి స్టార్ట్ చేసినప్పుడు అన్ని రేవులూ ఒకేసారి నిండుతాయి, గడువు కూడా ఒకేసారి తీరుతుంది. ప్రతి గడువుకీ పదో వంతు దాకా ర్యాండమ్‌గా కలిపితే ఆ గుంపు విడిపోతుంది.

8. మెమరీ హద్దు

రేవులు పదిహేనో ఇరవయ్యో అయితే హద్దు అక్కర్లేదు. తేదీ కూడా కీలో ఉంటే పాతవి పేరుకుపోతాయి. ఆర్డర్డ్ డిక్ట్ తీసుకోండి, వాడినప్పుడల్లా మూవ్_టు_ఎండ్, హద్దు దాటితే పాప్‌ఐటమ్‌తో మొదటిది తీసేయడం. అంతే, ఎల్‌ఆర్‌యూ అయిపోయింది. సిస్.గెట్‌సైజ్‌ఆఫ్ పైపెట్టె బరువే చెబుతుంది, లోపలి వస్తువులది కలపదు, దాన్ని నమ్మి లెక్కలు వేయకండి.

9. తప్పులు, చెరిపివేతలు, చేతులు పెట్టేవాళ్లు

విఫలమైన జవాబుని నిల్వలో పెట్టడం లేదు. కానీ లేని రేవు పేరు కొట్టి ఎవరైనా పదేపదే రిఫ్రెష్ చేస్తే, ప్రతిసారీ బయటికి వెళ్తాం. ‘అలాంటి రేవు లేదు’ అన్నది కూడా ఒక జవాబే, దాన్ని కొద్దిసేపు దాచండి. సర్వర్ పలకలేదు అన్నది జవాబు కాదు, దాన్ని దాచవద్దు. మహా అయితే రెండు మూడు సెకన్లు.

కొత్త బులెటిన్ వచ్చిందని తెలిసి కీని చెరిపేస్తే, నిల్వ నుంచి తీస్తే సరిపోదు. అప్పటికే దారిలో ఉన్న టాస్క్ పాత బులెటిన్ పట్టుకొచ్చి, మనం చెరిపిన చోటే మళ్లీ రాసేస్తుంది. అందుకే చెరిపేటప్పుడు ‘దారిలో’ నుంచి కూడా కీ తీసేయండి. ముగింపు మొదటి వరుసలో ఉన్న ‘ఈ టాస్కే కాకపోతే’ అన్న తనిఖీ దీనికోసమే. తన చోటు పోయిందని చూసి పాత టాస్క్ ఏమీ రాయకుండా తప్పుకుంటుంది. ముందే ఆగినవాళ్లకి పాత జవాబు అందుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు కొత్త టాస్క్ మొదలుపెడతారు.

కాష్ అందరికీ ఇచ్చేది ఒకే వస్తువు. ఎవరైనా హ్యాండ్లర్‌లో ఆ డిక్షనరీలోని అలల ఎత్తుని మీటర్ల నుంచి అడుగులకి మార్చితే, తర్వాత వచ్చేవాళ్లందరికీ అడుగులే కనిపిస్తాయి. వాళ్లు మళ్లీ మార్చుతారు. ఫ్రోజెన్ డేటాక్లాస్, టపుల్ లాంటి మార్చలేనివే దాచండి.

10. పరీక్షలు

స్లీప్‌లతో పరీక్ష రాయకండి, నెమ్మది యంత్రం మీద ఒక రోజు పాసవుతుంది, ఒక రోజు కాదు. లోడర్‌ని ఒక అసింక్‌ఐఓ.ఈవెంట్ దగ్గర ఆపండి, వందమందిని గ్యాదర్‌తో (చాలా కోరూటీన్లని ఒకేసారి నడిపే ఫంక్షన్) పంపండి, అందరూ చేరాక ఈవెంట్ తెరవండి. లోడర్ ఎన్నిసార్లు నడిచిందో లెక్క చూస్తే ఒకటే ఉండాలి. తర్వాత అదే పరీక్షలో మొదటివాడిని మధ్యలో రద్దు చేసి, మిగతా 99 మందికి జవాబు వచ్చిందో చూడండి. మూడోది, లోడర్ తప్పు విసిరితే గ్యాదర్‌కి రిటర్న్_ఎక్సెప్షన్స్ ఇచ్చి అందరికీ అదే తప్పు అందిందనీ, ఆ వెంటనే అడిగినవాడికి లోడర్ మళ్లీ నడిచిందనీ నిర్ధారించుకోండి. నాలుగోది దారిలో ఉండగా చెరపడం. గడువుల పరీక్షకి నాలుగో మెట్టులో బయటి నుంచి ఇచ్చిన గడియారం ఉంది కదా, దాన్ని చేత్తో ముందుకి తిప్పండి.

11. దీని చెయ్యి ఎక్కడిదాకా సాగుతుంది

ఈ కాష్ ఒక్క ప్రాసెస్‌ది. యూవీకార్న్ అనే వెబ్ సర్వర్‌ని నాలుగు వర్కర్లతో (నాలుగు ప్రాసెస్‌లతో) నడిపితే నాలుగు కాష్‌లు ఉంటాయి. అంటే ఒకే గడువులో ఒక్కో రేవుకి నాలుగు రిక్వెస్టుల దాకా బయటికి పోవచ్చు, రెండు వర్కర్లు కాసేపు రెండు వేర్వేరు బులెటిన్లు చూపవచ్చు. ఇలాంటి సర్వీసుకి నాలుగు పెద్ద లెక్క కాదు. అది కూడా కుదరదంటే రెడిస్ లాంటిది, అంటే వర్కర్లన్నీ పంచుకునే విడి నిల్వ సర్వర్, మధ్యలో పెట్టాలి. అప్పుడూ ఈ ఇన్-మెమరీ పొరని తీసేయకండి, రెడిస్ ముందు రెండు మూడు సెకన్ల గడువుతో ఉంచుకోవచ్చు.

వేరే థ్రెడ్ నుంచి ఈ కాష్‌ని ముట్టుకోకూడదు. తప్పనిసరైతే రన్_కోరూటీన్_థ్రెడ్‌సేఫ్ ద్వారా లూప్‌కి పంపండి. లోడర్‌లో బరువైన లెక్కలు ఉంటే టు_థ్రెడ్‌లోకి తోయండి, లేకపోతే అది లెక్కపెట్టినంతసేపూ ఊరంతా ఆగుతుంది.

ఇదంతా మనమే రాయాలా? గడువు, ఎల్‌ఆర్‌యూ మాత్రమే చాలంటే అసింక్-ఎల్‌ఆర్‌యూ అనే ప్యాకేజీలోని ఏఎల్‌ఆర్‌యూ కాష్ డెకరేటర్ వాడండి, ఒకేసారి వచ్చిన పిలుపులని ఒకటిగా కలపడం కూడా అది చేస్తుంది. రెడిస్‌కి మారే ఆలోచన ఉంటే ఏఐఓకాష్ చూడండి, అందులో స్టాంపీడ్‌ని ఆపడానికి విడిగా ఒక డెకరేటర్ ఉంది. హెచ్చరికకో గడువు, ఆటుపోట్లకో గడువు, మెత్తనిదీ గట్టిదీ అని బేరాలు మొదలైతే మాత్రం సొంతంగా రాసుకున్న ఆ వంద వరుసలే అర్థం చేసుకోవడానికి తేలిక.

ఏది వాడినా నాలుగు లెక్కలు బయటపెట్టండి: నిల్వలో దొరికినవి, దారిలో ఉన్నదాన్ని పట్టుకున్నవి, బయటికి వెళ్లినవి, విఫలమైనవి. మామూలు రోజుల్లో రెండోది సున్నా దగ్గరే ఉంటుంది. వాయుగుండం వార్త వచ్చిన సాయంత్రం ఆ గ్రాఫ్ తెరిచి చూడండి.